రాజమండ్రిలో బస ఎక్కడ? గట్టు, బజారు, దానవాయిపేట, ధవళేశ్వరం

రాజమండ్రికి కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒకటే. ఫోన్లో రేటు చూసి గది తీసేసుకుంటారు, అది ఏ పేటలో ఉందో చూసుకోరు. గోదారి చూద్దామని వచ్చినవాళ్లు హైవే పక్కన మోరంపూడిలో దిగుతారు. పెళ్లి బట్టలకని వచ్చినవాళ్లు గోదారి గట్టు పక్కన సత్రంలో దిగి, సాయంత్రానికి చీరల మూటలతో సందు చివర ఆటో కోసం నిలబడతారు. ఊరు మరీ పెద్దదేం కాదు, ఈ కొస నుంచి ఆ కొసకు ఆటోలో అరగంట. కానీ ఇక్కడ ఒక్కో పేటకు ఒక్కో వేళ ఉంది. గట్టుకు తెల్లవారుజాము, మళ్లీ పొద్దుగూకే వేళ. బజారుకు పదకొండు దాటాక. ధవళేశ్వరానికి ఎండ ఎక్కక ముందు. దానవాయిపేటకు రాత్రి భోజనం వేళ. వీటిలో మీకు ఏ వేళ ముఖ్యమో తేల్చుకుని, ఆ వేళకు నడిచి చేరేంత దగ్గర్లో గది తీసుకోవాలి. మిగతా చోట్లకు ఆటో ఉండనే ఉంది.

దిగే ముందు తెలియాల్సిన పేర్లు

ఊరి పేరు 2015లో రాజమహేంద్రవరం అయింది. నోటిమాటలో మాత్రం ఇప్పటికీ రాజమండ్రే. రైలు టికెట్ తీసేటప్పుడు కూడా రాజమండ్రి అనే వెతకండి. ఊళ్లో ‘గోదావరి’ అని ఇంకో స్టేషన్ ఉంది. నదికి అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు వైపు నుంచి వస్తే వంతెన దిగగానే వచ్చేది అదే. పుష్కర ఘాట్‌కూ, బజారు మొదలయ్యే కోటగుమ్మానికీ అక్కణ్ణుంచి నడిచిపోవచ్చు. ప్యాసింజర్లో వస్తూ గట్టు పక్కన బస పెట్టుకున్నవాళ్లు అక్కడే దిగిపోవాలి. పెద్ద రైళ్లు చాలావరకు ఆ స్టేషన్లో ఆగవు కాబట్టి, వాటిలో వచ్చేవాళ్లు రాజమండ్రి స్టేషన్లో దిగి ఆటోలో వెనక్కి రావాలి.

వంతెన ఎక్కగానే లేచి సామాను దించుకోవడం మొదలుపెట్టకండి. ఆర్చి వంతెన పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు, దాటాక కూడా పెద్ద స్టేషన్‌కు ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ సేపు కిటికీ దగ్గర కూర్చోవాలి. పక్కనే కనిపించే పాత ఇనుప వంతెన హేవలాక్ వంతెన, 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయింది.

బస్సుల దగ్గర గందరగోళం ఎక్కువ. ‘కాంప్లెక్స్’ అంటే ఆర్టీసీ పెద్ద బస్టాండు, దూరపు బస్సులన్నీ అక్కడికే. ‘కోటిపల్లి బస్టాండు’ ఊళ్లోనే, గోదావరి స్టేషన్ దగ్గర ఉంది. గుడి ఉన్న కోటిపల్లి ఊరు ఇక్కణ్ణుంచి యాభై కిలోమీటర్ల పైనే. ‘గోకవరం బస్టాండు’ కూడా ఊళ్లోదే, దేవీచౌక్ దగ్గరిది. ఆటో అతనితో ఒట్టి ‘కోటిపల్లి’ అనకుండా ‘కోటిపల్లి బస్టాండు’ అని పూర్తిగా చెప్పాలి. ఫోన్ మ్యాపులో కూడా అంతే, ఒట్టి పేరు కొడితే ఊరు దాటించి చూపిస్తుంది.

హైదరాబాదు నుంచి వచ్చే ప్రైవేటు బస్సులు కొన్ని ఊళ్లోకి రాకుండా మోరంపూడి దగ్గరో లాలాచెరువు దగ్గరో హైవే మీద దించేస్తాయి. తెల్లవారుజామున నాలుగింటికి అక్కడ ఆటోవాళ్లు చెప్పిందే రేటు. టికెట్ తీసేటప్పుడే దిగే చోటు చూసుకుని, వీలైతే కాంప్లెక్స్ దాకా వచ్చే బస్సు ఎంచుకోండి.

ఆటో మాట్లాడేటప్పుడు ‘అండీ’ లేకుండా మాట్లాడకండి. “ఏవండీ, కోటగుమ్మం ఎంత తీసుకుంటారండీ?” అంటే సూటిగా రేటు చెబుతారు. “ఆయ్, ఎక్కండి” అన్నారంటే వస్తామన్నట్టే గానీ రేటు కుదిరినట్టు కాదు. ఎక్కకముందే అంకె చెప్పించుకోవాలి. ఒంటరిగా వచ్చినవాళ్లకు షేర్ ఆటోలు బాగా కలిసొస్తాయి, కోటిపల్లి బస్టాండు నుంచి ధవళేశ్వరం వైపు ఎక్కువగా తిరుగుతాయి. ఆంధ్ర చిరునామాతో ఆధార్ ఉన్న ఆడవాళ్లకు 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి, ఊరి చుట్టుపక్కలకు వెళ్లేటప్పుడు కార్డు దగ్గర ఉంచుకోండి.

గట్టు

పుష్కర ఘాట్ నుంచి కోటిలింగాల ఘాట్ దాకా, దాని వెనక ఉన్న ఇన్నీసుపేట వగైరా పాత సందులతో కలిపి గట్టు అనుకోండి. నదికోసం వచ్చినవాళ్లు, కర్మకాండలకు వచ్చినవాళ్లు, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని స్నానానికి వచ్చినవాళ్లు ఇక్కడే ఉండాలి. ఇంకెక్కడ ఉన్నా తెల్లవారుజామున ఆటో వెతుక్కోవడంతోనే సగం ఉత్సాహం పోతుంది.

ఒక సంగతి ముందే తెలుసుకుంటే ఫొటోల కోసం వచ్చినవాళ్లు నిరాశపడరు. రాజమండ్రి నదికి తూర్పు ఒడ్డున ఉంది. అంటే నీళ్ల మీద సూర్యోదయం ఇక్కణ్ణుంచి కనబడదు, ఎండ మీ వీపు వెనక నుంచి వస్తుంది. ఇక్కడ చూడాల్సింది అస్తమయం. పొద్దు కొవ్వూరు వైపు కుంగుతుంటే ఆర్చి వంతెన కమానులు ఒకదాని వెనక ఒకటి నల్లగా నిలబడతాయి. మొత్తం 28 కమానులు. నీళ్ల మీద సూర్యోదయమే కావాలంటే కొవ్వూరు వెళ్లి గోష్పాద క్షేత్రం దగ్గర నిలబడాలి. రోడ్డు కం రైలు వంతెన మీదుగా అటు వెళ్లవచ్చు. సాయంత్రం పుష్కర ఘాట్లో గోదావరి హారతి ఇస్తారు. హారతి చూడాలనుకుంటే చీకటిపడక ముందే, అరగంట ముందుగా వచ్చి మెట్ల మీద కూర్చోండి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ముందున్నవాళ్ల తలలే కనిపిస్తాయి.

స్నానం సంగతి. మెట్ల మీద, నీటి అంచున ఉండే రెండు మూడు మెట్లకు పాచి పడుతుంది. అడ్డంగా, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ పాదంతో తడిమి చూసుకుంటూ దిగాలి. కట్టిన గొలుసు దాటి వెళ్లకూడదు, ఈత వచ్చినా సరే. ఎండాకాలంలో నడిమధ్య ఇసుక తిన్నెలు తేలి నది నిలిచిపోయినట్టు కనిపిస్తుంది, కానీ తిన్నెల పక్కన ఉన్నట్టుండి లోతు దిగిపోతుంది. ప్రాణాలు పోయేది ఎక్కువగా అలాంటి చోట్లే. పిల్లల చేయి వదలకండి.

జులై, ఆగస్టుల్లో వస్తుంటే వరద వార్త చూసుకుని బయల్దేరాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక పడిందంటే ఘాట్ స్నానం, పడవ షికారు మీద ఆశ వదులుకోండి. మూడోది దాకా వెళ్తే కోనసీమ లంకల్లోకి (నది మధ్య దీవుల్లోకి) వెళ్లే ఆలోచనే మానుకోవాలి. ఇక్కడి మట్టం తెలుసుకోవడానికి ఒకరోజు ముందే భద్రాచలం అంకె చూస్తే చాలు. అక్కడ హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర ఇస్తారు, అక్కడ పెరిగిన నీరు ఇక్కడికి చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది.

కార్తీకమాసం సోమవారాల్లో గట్టంతా దీపాలే. చూడ్డానికి అంతకన్నా మంచి రోజులు లేవు. అయితే ముందురోజే గది చేతిలో ఉండాలి, స్నానానికి నాలుగున్నరకల్లా మెట్ల దగ్గర ఉండాలి. తెల్లారాక వస్తే బట్టలు మార్చుకునే చోటు కూడా దొరకదు. పుష్కరాలు పన్నెండేళ్లకోసారి, బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడు. 2015 తర్వాత మళ్లీ 2027లో. ఆ పన్నెండు రోజులకు ఈ వ్యాసంలోని లెక్కలేవీ పనికిరావు, అప్పుడు పోలీసులు మళ్లించిన దారే దారి.

మ్యూజియాలు, పుస్తకాలు ఇష్టమున్నవాళ్లకు కూడా పాత ఊరే దగ్గర. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, దామెర్ల రామారావు చిత్రశాల, గౌతమీ గ్రంథాలయం, వీరేశలింగం గారి టౌన్ హాలు అన్నీ ఈ వైపే. ప్రభుత్వ మ్యూజియాలు మన రాష్ట్రంలో శుక్రవారం మూసి ఉండటం మామూలు, ఆ రోజు పెట్టుకోకండి. దామెర్ల 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. ఆ కాస్త కాలంలో ఆయన వేసిన బొమ్మల ముందు గంటైనా నిలబడాలి. పది నిమిషాల్లో చుట్టేసి వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

గట్టు పక్క గదుల్లో వచ్చే ఇబ్బంది రెండు రకాలు. సందులు ఇరుకు, కారు లాడ్జి గుమ్మం దాకా రాదు. గది తీసుకునేటప్పుడే “కారు ఎక్కడ పెట్టుకోవాలండీ?” అని అడగండి. రెండోది దోమలు. డబ్బు కట్టేముందు గదిలోకి వెళ్లి కిటికీ మెష్ చిరిగిందేమో, స్నానాలగది వెంటిలేటర్‌కు మెష్ ఉందో లేదో చూసుకోండి. చాలామంది కిటికీ చూసి వెంటిలేటర్ మరచిపోతారు, దోమలు వచ్చేది దానిలోంచే.

బజారు

కోటగుమ్మం నుంచి మెయిన్ రోడ్డు పట్టుకుంటే నల్లమందు సందు, అటు దేవీచౌక్, కాంప్లెక్స్ వైపు తాడితోట. కొనడానికి వచ్చినవాళ్ల ఊరు ఇది. రాత్రి పడుకోవడానికి మాత్రం ఇక్కడ గది తీసుకోవద్దని మా సలహా. లారీల సరుకు దించడం, హారన్లు పొద్దుపోయేదాకా ఉంటాయి. తాడితోట పని ఉన్నవాళ్లు కాంప్లెక్స్ దగ్గర గది తీసుకుంటే మూటలు మోసే బాధ తప్పుతుంది.

పది గంటలకు వెళ్తే కొట్లు ఊడుస్తూ, దేవుడికి దణ్ణం పెడుతూ ఉంటారు. పదకొండుకు వెళ్లండి. పెళ్లి బట్టలైతే ముందు తాడితోట, ఆ తర్వాతే మెయిన్ రోడ్డు. తాడితోటది హోల్‌సేల్ లెక్క. బంధువులకు పెట్టే చీరలు, పంచెలు, జాకెట్టు ముక్కలు లాంటివి పదీ ఇరవై ఒక్కసారే తీసుకుంటే అక్కడ కలిసొస్తుంది. ఒక్క చీర కావాలంటే కొన్ని కొట్లవాళ్లు మడత కూడా విప్పరు. ఆ ఒక్క మంచి చీర మెయిన్ రోడ్డులో తీరుబడిగా కొనుక్కోవాలి. తాడితోటలో మాట్లాడేటప్పుడు ఎన్ని కావాలో ముందు చెప్పి, తర్వాత రేటు అడగాలి. రేటు ముందు అడిగితే విడి రేటే చెబుతారు. జాకెట్టు ముక్కల కట్ట తీసుకుంటే లోపలివి రెండు మూడు లాగి పొడవు కొలవండి, పైముక్క ఒక్కటే 80 సెంటీమీటర్లుండి అడుగువి కురచైన కట్టలు ఉంటాయి. మార్చుకోవడం కుదురుతుందో లేదో బిల్లు మీద రాయించుకోండి.

నల్లమందు సందు నడిచి తిరగాల్సిన చోటు. గాజులు, లేసులు, గిన్నెలు, పూజసామాను అన్నీ పక్కపక్కనే. సాయంత్రం ఆరు తర్వాత, ముఖ్యంగా పండగ ముందు, అడుగు తీసి అడుగు వేయలేరు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వెళ్తే కొట్లవాళ్లకు కూడా తీరిక ఉంటుంది, అడిగినవన్నీ తీసి చూపిస్తారు. ఆ ఎండకు ఊరట కోటగుమ్మం దగ్గర దొరికే రోజ్‌మిల్క్. చల్లగా ఉన్నప్పుడే అక్కడే నిలబడి తాగేయాలి. సీసాలో పట్టుకుని గదికి తీసుకెళ్తే ఆ రుచి ఉండదు, మే నెలలో అయితే పాలు విరిగినా విరుగుతాయి.

దసరా తొమ్మిది రాత్రులూ దేవీచౌక్ చుట్టుపక్కల బండ్లు కదలవు. ఆ ఉత్సవం కోసమే వస్తే సరే, గోకవరం వైపు బస్సు పట్టుకోవాలంటే ఆ రోజుల్లో గంట ముందు బయల్దేరాలి.

దానవాయిపేట, ప్రకాశ్ నగర్, ఏవీ అప్పారావు రోడ్డు

ఇది కొత్త ఊరు. ఏసీ హోటళ్లు, ఆసుపత్రులు, కాఫీ షాపులు, బ్రాండు కొట్లు. చిన్నపిల్లలతో వచ్చినవాళ్లకు, ఆసుపత్రి పని మీద వచ్చినవాళ్లకు, లిఫ్టు లేకపోతే కుదరని పెద్దవాళ్లకు ఇదే సరైనది. కారు పెట్టుకునే చోటు ఉంటుంది, రాత్రి పదింటికి కూడా భోజనం దొరుకుతుంది. చూడ్డానికంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు.

ఇక్కడ చిక్కల్లా ముహూర్తాలతోనే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణంలో మంచి ముహూర్తం ఉన్న రోజున పెళ్లివాళ్లు అంతస్తులకు అంతస్తులు తీసేసుకుంటారు. క్యాలెండర్లో పెళ్లి ముహూర్తం ఉందేమో చూసుకుని గది పెట్టుకోండి. ఉంటే కనీసం పదిహేను రోజుల ముందు పెట్టుకోవాలి, లేదా ఆ రోజు దాటించి రావాలి.

టిఫిను మాత్రం ఇక్కడి పెద్ద హోటళ్లలో కాకుండా పాత ఊరి వైపు వెళ్లి చేయండి. దిబ్బరొట్టె పొద్దున్నే ఉంటుంది, తొమ్మిది దాటితే అయిపోతుంది. మందపాటి మూకుడులో పిండి వేసి, మూత పెట్టి, సన్నసెగ మీద అడుగు ఎర్రగా కాలేదాకా ఉంచుతారు కాబట్టి అడగ్గానే రాదు. పది పదిహేను నిమిషాలు ఆగాలి. తొందరపెడితే మంట పెంచుతారు, అడుగు మాడి మధ్యలో పచ్చిపిండి మిగులుతుంది. చెరకు పానకం ఉంటే దానితో, లేకపోతే అల్లం పచ్చడితో తినండి.

ధవళేశ్వరం

స్టేషన్ నుంచి సుమారు ఎనిమిది కిలోమీటర్లు. దీన్ని రాజమండ్రి పేట అనడం ధవళేశ్వరం వాళ్లకు నచ్చకపోవచ్చు, కానీ వచ్చినవాళ్లు చూడకుండా వెళ్లిపోకూడని చోటు. ఈ డెల్టాలో ప్రతి చేనుకూ నీరు వెళ్లేది ఇక్కణ్ణుంచే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కు పూర్తయింది. దాని చోట వచ్చిందే ఇప్పటి బ్యారేజీ. నది ఇక్కడ లంకలతో విడిపోతుంది కాబట్టి బ్యారేజీ నాలుగు ముక్కలుగా ఉంటుంది. ధవళేశ్వరం ముక్కకు 70 గేట్లు, ర్యాలికి 43, మద్దూరుకు 23, విజ్జేశ్వరానికి 39, మొత్తం 175. తూర్పు డెల్టా కాలువ ధవళేశ్వరం వైపు నుంచి, మధ్య డెల్టాది బొబ్బర్లంక వైపు నుంచి, పశ్చిమ డెల్టాది విజ్జేశ్వరం వైపు నుంచి మొదలవుతాయి.

చూసే వరస ఇలా పెట్టుకోండి. ఏడు గంటలకల్లా చేరి ముందు జనార్దనస్వామి కొండ ఎక్కండి, అక్కణ్ణుంచి నది విడిపోయే తీరు కళ్లకు కడుతుంది. తర్వాత కాటన్ మ్యూజియం. ఆ తర్వాత బ్యారేజీ. మ్యూజియం చూశాక బ్యారేజీకి వెళ్తే గేటు, స్లూయిజు (నీరు వదిలే తూము), కాలువ తల అన్నవి ఏవో తెలిసి చూస్తారు. ఎండ ముదిరేలోపు ముగించాలి, బ్యారేజీ మీద చెట్టు నీడ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, అప్పుడు కాలువ తల దగ్గర చూడ్డానికి బురదే ఉంటుంది. జూన్‌లో నీరు వదిలాక వస్తే బాగుంటుంది.

పులస కోసం వచ్చేవాళ్లు ఉంటారు. ఎర్రనీరు (వరద నీరు) వచ్చాకే, అంటే జులై నుంచి సెప్టెంబరు దాకా, సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చేదే పులస. మిగతా నెలల్లో హోటల్ బోర్డు మీద పులస పులుసు అని రాసి ఉంటే నమ్మకండి. సీజన్లో కూడా సముద్రపు విలసను (ఏటిలోకి ఎక్కి రాని ఇదే చేపను), బయటి నుంచి ఐసులో వచ్చిన చేపను పులసని చెప్పి అమ్ముతారు. విలస వెండిలా తళతళలాడుతుంది. ఏటినీటిలో రోజులు గడిపిన పులసకు ఆ తెలుపు తగ్గి వీపు మీద కాస్త గోధుమ ఛాయ వస్తుంది. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి. పొట్ట నొక్కితే గుంటపడి అలాగే ఉండిపోతే అది ఐసు పెట్టెలో రోజులు గడిపిన చేప. కిలో వేలల్లో ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లడమే పద్ధతి. వండించుకుంటే మట్టి దాకలో, బెండకాయలు వేయించి, ఆ పూట తినకుండా మర్నాటిదాకా ఉంచమని చెప్పండి. రాత్రంతా పులుపు ముక్కకు పట్టి, సన్నముళ్లు మెత్తబడతాయి.

బ్యారేజీ దాటితే బొబ్బర్లంక, అక్కణ్ణుంచి రావులపాలెం రోడ్డులో ఆత్రేయపురం. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ ఊరి పేరు మీదే. ఊరికి తీసుకెళ్లాలంటే తిరుగు ప్రయాణం రోజునే కొనండి. ముందే కొని రెండు రోజులు గదిలో ఉంచితే గోదారి గాలి తేమకు రేకు మెత్తబడి పంటికి అంటుకుంటుంది. కొనేటప్పుడు ఒకటి తీసి తినండి, నోట్లో పెట్టగానే కరగాలి, నెయ్యి వేళ్లకు అంటాలి గానీ కారకూడదు. అట్టపెట్టె కాక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించుకుని, పెట్టె అడుగున కాకుండా చేతిసంచిలో అన్నిటికన్నా పైన ఉంచుకోండి. రైల్లో పైబెర్తు మీద పెట్టేటప్పుడు దాని మీద ఇంకో సంచి పడకుండా చూసుకోండి.